రుచి చూసేవాడి పక్షం

మధ్యాహ్నం ఒంటిగంటకి ఐదు నిమిషాలుందనగా సెలూనన్న షట్టరు సగానికి దించేవాడు. కుర్చీలో ఎవరున్నా సరే, ఒక చెంప గీసి రెండో చెంప నురగతో ఉన్నా సరే, కత్తి మడిచి పక్కన పెట్టి టీవీ పెట్టేవాడు. కొరియా రాజుల కాలం నాటి వైద్యుల సీరియల్ అది. మన మాటలు పెట్టి వేస్తున్నారు. ఆ గంటసేపు క్షవరం మాట ఎత్తినవాడికి మళ్ళీ ఆ కుర్చీ ఎక్కే యోగం ఉండేది కాదు.

గోడవారన బెంచీ మీద ముగ్గురు రోజూ హాజరు. లెక్కల మాస్టారు, మందుల షాపాయన, వ్యాను డ్రైవరు. ముగ్గురికీ కలిపి ముప్పై అభిప్రాయాలు.

"నాడి పట్టుకుని అంతసేపా? ఈలోగా రోగి పోయి, కర్మకాండ కూడా అయిపోతుంది," అనేవారు మాస్టారు.

"ఆ వేరు పేరేంటో చెప్పి చావరేంటండీ, చెబితే తెప్పించి అమ్ముకోనూ?" అని షాపాయన బాధ.

డ్రైవరు మాత్రం మొదటి పాట వస్తుండగానే కళ్ళు తుడుచుకునేవాడు. ఇంకా ఏమీ జరగలేదుగా అంటే, "జరుగుతుందిగా" అనేవాడు.

సెలూను వెనక భాగంలో, ఒక కర్టెను అవతల, కుట్టుమిషను ముందు వదిన కూర్చునేది. సెలూనన్న భార్య. వీధంతటికీ ఆవిడ వదినే కాబట్టి మనకీ వదినే. ఆవిడ ఆ సీరియల్ ఒక్కరోజూ చూడలేదు. "రాజులు బాగుపడితే నాకేమన్నా రెండు చొక్కాలు ఎక్కువొస్తాయా?" అని తీసిపారేసేది. లోపల సంగతి వేరు. ఆవిడకి భయం. టీవీలో ఎవరైనా దగ్గితే చాలు, మిషను ఆపేసి, ఇవతల మొగుడు దగ్గుతాడేమోనని చెవులు రిక్కించేది.

ఎందుకంటే సెలూనన్న ఒంటి తత్వం అలాంటిది. కథలో ఎవరి పక్షం పట్టుకుంటే వాళ్ళ జబ్బు ఆయనకి వచ్చేస్తుంది. చిన్నప్పుడు నాయనమ్మ కథలు చెప్పడమే మానేసిందట, వీడికి కషాయాలు కాచలేక. ఈ సీరియల్ మొదలయ్యాక ఇక చెప్పేదేముంది! గురువారం మశూచి పొక్కులు లేచేవి, శుక్రవారం వైద్యురాలు లేపనం రాసేసరికి మాయమయ్యేవి. రాణిగారి పురుడు రోజు వదిన షట్టరు పూర్తిగా దించేసి గడియ పెట్టింది. ఆ సంగతి మనకొద్దులెండి. వీధి చివర డాక్టరుగారు కూడా అలవాటు పడిపోయారు. "ఎన్నో భాగం?" అని అడిగి, చీటీ మీద 'రేపు ఒంటిగంటకి' అని రాసిచ్చేవారు.

పోనీ చూడటం మానేస్తే? అదీ అయింది. ఒకసారి కామెర్ల కథ మధ్యలో ఉండగా కేబుల్ పోయింది. నాలుగు రోజులు. ఆ నాలుగు రోజులూ మనిషి పసుపు ముద్దలా పడుంటే, వదిన కేబుల్ ఆఫీసు ముందు కూర్చుని ఏడ్చింది. మధ్యలో ఆగిన కథ మనిషిని మధ్యలోనే వదిలేస్తుంది, పైగా రోజు రోజుకీ ముదురుతుంది.

ఇక ఆ శుక్రవారం.

ఆ సీరియల్‌లో రాజుగారి మందు ముందుగా రుచి చూసే ముసలాయన ఒకడున్నాడు. నలభై ఆరు భాగాల్లో ఒక్క మాట మాట్లాడలేదు. గిన్నెలోంచి ఒక గుక్క తాగడం, కాసేపు నిలబడటం, బతికుంటే తల ఊపి పక్కకి తప్పుకోవడం. అంతే ఆయన భాగోతం. ఆ రోజు గుక్క తాగాడు, నిలబడ్డాడు. తల ఊపలేదు. గిన్నె చేతిలోంచి జారి భళ్ళున పగిలింది. వెంటనే పేర్లు వేసేశారు, సోమవారం చూడమన్నారు.

కర్టెను ఇవతల ఇంకొకటి పడ్డ చప్పుడైంది. వదిన పరుగెత్తుకొచ్చేసరికి సెలూనన్న అద్దం కింద కూలబడి ఉన్నాడు. పెదాలు నల్లబడ్డాయి, గోళ్ళు నీలంగా తిరిగాయి.

"ఏవండీ! ఎవరి పక్షం పట్టారండీ? రాజుదా?"

"రాజెవడే నాకు," అన్నాడు మెల్లగా. "పాపం... వాణ్ణెవరూ పట్టించుకోలేదు."

డాక్టరుగారు వచ్చి చూశారు. ఈసారి చీటీ తీయలేదు. "విషం. నా మందుకి లొంగేది కాదమ్మా. సోమవారం దాకా ఉంటాడు. సోమవారం ఆ ముసలాయన బతికితే ఈయనా బతుకుతాడు."

"బతక్కపోతే?"

డాక్టరుగారు చెప్పుల్లో కాళ్ళు పెట్టుకోవడానికి చాలాసేపు తీసుకున్నారు.

వదిన ఫోను తీసి, ఆ సీరియల్ గురించి జనం రాసుకునే చోటు వెతికింది. వేరే దేశాల్లో అది ఎప్పుడో అయిపోయిందిగా, చూసినవాళ్ళు కుప్పలు తెప్పలుగా అభిప్రాయాలు రాసిపడేశారు. ఆ వైద్యురాలి నటన అద్భుతం అని ఒకరు. బట్టలు భలే ఉన్నాయి, జబ్బులే ఎక్కువయ్యాయి అని ఇంకొకరు. 'నలభై ఏడో భాగం చూసేముందు చేతిరుమాలు దగ్గర పెట్టుకోండి' అని ఒకావిడ. ఆ ముక్క చూసి వదిన గుండె జారిపోయింది. తనూ రాసింది: 'అయ్యలారా, అమ్మలారా, ఆ రుచి చూసే ముసలాయన బతుకుతాడా? మా ఇంట్లో మనిషికి చాలా అవసరం.'

జవాబులు వచ్చాయి. ఒకడు నవ్వు బొమ్మ పెట్టాడు. ఇంకొకడు 'ముందే చెబితే మజా పోతుందక్కా' అన్నాడు. మజా అట మజా, వీడి నోట్లో మన్ను పడ! శనివారం పొద్దున్న ఇంకో జవాబు కనిపించింది: 'ఆ ముసలాడు చచ్చే సీను అరగంట సాగదీశారు. అందుకే ఒక స్టారు తగ్గించా.'

వదిన ఫోను పక్కన పెట్టి, నోట్లో కొంగు కుక్కుకుని కూర్చుండిపోయింది. లోపలి గదిలో మొగుడు ఊపిరి తీసుకుంటున్నాడు. ఒకటి తీశాక రెండోది వచ్చేదాకా ఆవిడకి ప్రాణం ప్రాణంలో లేదు.

కాసేపటికి ముఖం కడుక్కుని బెంచీవాళ్ళు ముగ్గురినీ పిలిచింది. "సీరియల్ మార్చలేం. ఆయన మనసు మార్చాలి. రేపు సాయంత్రంలోగా ఆయన ఆ ముసలాడి పక్షం వదిలెయ్యాలి. మీరు రోజూ వాగే వాగుడు ఇన్నాళ్ళకి పనికొచ్చింది. తిట్టండి. నోటికొచ్చినట్టు తిట్టండి."

ముగ్గురూ మంచం చుట్టూ చేరారు. మాస్టారు గొంతు సవరించుకున్నారు. "అసలు వాడు చేసిన త్యాగమేముందయ్యా? జీతం తీసుకున్నాడు, తాగాడు. అది ఉద్యోగం."

"విషం వాసన పట్టలేనివాడు ఏం పనోడండీ?" అన్నాడు షాపాయన. "నా దగ్గరైతే వారంలో మాన్పించేసేవాణ్ణి."

"నాకు మొదట్నుంచీ వాడి మొహం మీద అనుమానమే," అన్నాడు డ్రైవరు, కళ్ళు తుడుచుకుంటూ.

సెలూనన్న కళ్ళు తెరిచాడు. "నలభై ఆరు భాగాలు చూశాం కదా. వాడి పేరేంటో చెప్పండి."

మాస్టారు వేళ్ళ మీద పాత్రల పేర్లు లెక్కపెట్టడం మొదలుపెట్టారు.

"లేదు. వాడికి పేరు పెట్టలేదు. రాజుగారి గుర్రానికి పెట్టారు." అంత మాట్లాడేసరికి ఆయాసం వచ్చేసింది.

"అవునన్నా, నిజమే సుమా!" అని డ్రైవరు భోరుమన్నాడు. మాస్టారు కిటికీ వైపు తిరిగి, "తాగే ముందు ప్రతిసారీ ఒక్క క్షణం ఆగేవాడు. గమనించారా? నేను గమనించాను, చెప్పలేదంతే," అన్నారు. షాపాయన జేబులో ఏదో వెతుక్కుంటున్నట్టు తల దించుకున్నాడు.

వదినకి ఒళ్ళు మండిపోయింది. "తిట్టమని పిలిస్తే భజన చేస్తారేంటయ్యా! లేవండి, నడవండి!" అని ముగ్గురినీ బయటికి తోలేసింది. తనే మంచం పక్కన కూర్చుంది. ఆదివారమంతా తిట్టింది. ఆ ముసలాణ్ణి మూర్ఖుడంది, ముంగి అంది, పుట్టు బానిస అంది. తిట్టిన కొద్దీ మొగుడి గోళ్ళు ఇంకా నీలమయ్యాయి. చివరికి గొంతు బొంగురుపోయి, "వాడికి పెళ్ళాం ఉంటే? గిన్నె నోట్లో పెట్టుకునే ముందు ఆవిడ గతేంటని ఒక్కసారైనా అనుకున్నాడా?" అంది.

సెలూనన్న ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. చల్లగా ఉంది ఆయన చెయ్యి, మరీ చల్లగా. "అనుకునే ఉంటాడే," అన్నాడు. ఆ మాటకి ఆవిడకి ఏడుపు కూడా రాలేదు, అంత భయమేసింది.

సోమవారం ఒంటిగంటకి ఐదు నిమిషాలుందనగా వదినే షట్టరు సగానికి దించింది. మొగుణ్ణి ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టారు. ముగ్గురూ వచ్చి బెంచీ మీద కూర్చున్నారు. వదిన మొట్టమొదటిసారి కర్టెను ఇవతల నిలబడింది.

పాట అయింది. రాజుగారి మందిరం వెనక చీకటి గదిలో ముసలాయన చాప మీద పడున్నాడు. వైద్యురాలు వచ్చి కూర్చుంది, నాడి పట్టుకుంది. ఈసారి మాస్టారు ఏమీ అనలేదు. ఆవిడ ఏదో కాచి తెచ్చింది. విరుగుడు కాదట, నొప్పి తెలియకుండా ఉండటానికట. గిన్నె పెదాల దగ్గర పెట్టబోతే ముసలాయన చేత్తో ఆపాడు. వణుకుతూ లేచి కూర్చుని, ఆ గిన్నె తీసుకుని, ఒక గుక్క తాగి, కాసేపు ఆగాడు. తల ఊపి గిన్నె మళ్ళీ వైద్యురాలికిచ్చాడు. ఎవరికోసమో తెలియదు. ఎవరో ఒకరు తాగుతారు కదా, ముందు తను చూడాలని.

"ఓరి నీ..." అంది వదిన. ముప్పై ఏళ్ళుగా చూస్తోంది కదా ఈ బాపతు మనిషిని. వేడినీళ్ళ గుడ్డ ఇంకొకడి మొహాన వేసే ముందు తన మెడకి ఆనించుకునే మనిషి. కొత్త కత్తి తన మోచేతి మీద గీసుకుని చూసుకునే మనిషి. ఆదివారమంతా తిట్టిన నోరు అప్పుడు టీవీ మీద విరుచుకుపడింది. "అందరూ అలా గుడ్లప్పగించి చూస్తారేంట్రా! ముసలాడు ఒక్కడే తాగాలా? ఇంకొకళ్ళెవరూ లేరా ఆ కోటలో? ఇలా తే ఆ గిన్నె!"

అన్నదో లేదో, నోరంతా చేదు.

ఎక్కడో నాలుక అడుగున మొదలై గొంతులోకి దిగింది. కుర్చీ చెయ్యి పట్టుకుని చూస్తే తన గోళ్ళు నీలం. ఇదేంటి, ఆయనకి తప్ప ఎవరికీ రానిది నాకొచ్చిందేంటి అనుకుంది. ఇన్నాళ్ళూ ఎవరికీ ఎందుకు రాలేదో కూడా అప్పుడే అర్థమైంది. అభిప్రాయాలు చెప్పినవాళ్ళే గానీ పక్షం పట్టినవాళ్ళు లేరు.

బెంచీ మీద డ్రైవరు పొట్ట పట్టుకున్నాడు. "చేదు..." అన్నాడు. మాస్టారు కళ్ళజోడు తీసేసి, ముందుకి వంగి, "నాక్కూడా," అన్నారు, ఏదో లెక్కకి జవాబు దొరికినట్టు. షాపాయన ఒక్కడూ కాసేపు బిగబట్టి కూర్చున్నాడు. టీవీలో ముసలాయన చాప మీద వెనక్కి వాలాడు. "పోనీలే, కానీ," అన్నాడు షాపాయన. ఆయన పెదాలూ నల్లబడ్డాయి.

ముసలాయన పోయాడు. అరగంట పట్టింది. ఆ అరగంటా సెలూనులో నలుగురు చేదు మింగుతూనే ఉన్నారు. వాళ్ళు మింగిన కొద్దీ కుర్చీలో మనిషి గోళ్ళు తెల్లబడుతూ వచ్చాయి. పేర్లు పడేసరికి సెలూనన్న నిటారుగా కూర్చుని, "ఇదేంటి, మీ మొహాలు అలా ఉన్నాయేంటి?" అన్నాడు.

ఐదుగురూ బతికారు. ఐదు వాటాలు వేస్తే ఎవరి వాటా వాళ్ళని చంపేంత లేదు. కానీ నలుగురికి నోటి రుచి పోయింది. డాక్టరుగారు నాలుగు నాలుకలూ చూసి, "దీనికి రాబోయే భాగాల్లో మందు లేదు. ఆ పాత్ర అయిపోయిందిగా," అన్నారు. తీపి లేదు, ఉప్పు లేదు, కారం లేదు. సెలూనన్నకి మాత్రం నోరు శుభ్రంగా మిగిలింది.

వదిన వండేది అంచనా మీద. మాస్టారు ఒంటరి మనిషి, ఆయనవీ అవే పాట్లు. డ్రైవరు వ్యానులోనే వండుకునేవాడు. దాంతో మధ్యాహ్నం అయ్యేసరికి నాలుగు గిన్నెలు సెలూనుకి వచ్చేవి, "కాస్త చూసి చెప్పన్నా" అంటూ. సెలూనన్న దువ్వెన జేబులో పెట్టుకుని ఒక్కో చెంచా నోట్లో వేసుకునేవాడు. పోనుపోను వీధివాళ్ళూ అలవాటు పడ్డారు. ఈ పాలు విరిగాయా, ఈ నూనె పాతదా, ఈ పుట్టగొడుగులు మంచివేనా, అన్నీ ఆయన దగ్గరికే. షాపాయన కొత్త రకం సిరప్ ఏదొచ్చినా ఒక మూత తెచ్చి ముందు పెడతాడు. ఆయన ఎవర్నీ కాదనడు. పక్షం పట్టినవాడి జబ్బు దిగిపోయింది గానీ, వాడి ఉద్యోగం ఈయనకి మిగిలిపోయింది.

సీరియల్ అయిపోయి చాన్నాళ్ళయింది. వదిన ఇప్పుడు మిషను కర్టెను ఇవతల వేసుకుంది, ఆయన కనబడేలా. ఎవరో గిన్నె తెస్తారు. ఆయన చెంచా ముంచుతాడు. ఒక్క క్షణం ఆగుతాడు, ఆవిడ వైపు చూస్తాడు, నోట్లో వేసుకుంటాడు. మిషను ఆగిపోతుంది. ఆయన తల ఊపేదాకా వదిన ఊపిరి తీసుకోదు.