ఆపమంటే ఆపడమే

విశ్వవిద్యాలయం పడవ పందేల జట్టులో కొత్తగా చేరిన అమ్మాయిలకు కళ్ళకు గంతలు కట్టి, రేవు చెక్కల మీద నుంచి చన్నీళ్ళలోకి తోసేవారు. ఆ ఘనకార్యానికి ‘తలంటు’ అని ముద్దుపేరు. కెప్టెన్ తన తలంటు నాడు అందరితోపాటు పళ్ళికిలించి, ఆనక స్నానాలగదిలో కుళాయి తిప్పుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. అందుకే ఈ ఏడు పగ్గాలు చేతికి రాగానే తలంటు రద్దని తేల్చి చెప్పేసింది.

జట్టులో అందరికన్నా బలంగా తెడ్డు వేసే సీనియర్‌ని పొడుగు అంటారు. ఆమెకు ఒళ్ళు మండింది.

"మేమందరం మునిగే వచ్చాం. వీళ్ళేమన్నా ఆకాశం నుంచి ఊడిపడ్డారా?"

"పడవలో ఎవరైనా ఆపమంటే ఏం చేస్తాం?" అంది కెప్టెన్.

"తెడ్లు ఆపేస్తాం."

"ఎందుకని అడుగుతామా?"

"అడిగేలోపు ఏ దుంగో గుద్దుకోదూ!"

"ఇకనుంచి గట్టు మీదా అదే పద్ధతి."

సీనియర్లు కిసుక్కున నవ్వారు. కెప్టెన్ పట్టించుకోలేదు. రోజూ సాధనలో కొత్తవాళ్ళ చేత వంతులవారీగా ‘ఆపండి’ అని అరిపించింది. చుక్కాని పట్టే పిచ్చుక అనే పిల్ల పడవలో గొంతు చించుకునేది కానీ, గట్టెక్కితే నోట్లో నాలుక లేనట్టే ఉండేది.

పందెం ముందురోజు సాయంత్రం కెప్టెన్, మరికొందరు పడవను భుజాలకెత్తుకుని షెడ్డుకు మోస్తున్నారు. రేవు మీద పొడుగు, ఇంకో ఇద్దరు కలిసి ఒక కొత్తమ్మాయి కళ్ళకు మఫ్లరు కట్టి చెక్కల చివరికి నడిపిస్తున్నారు. కెప్టెన్ అటు ఉరకబోయి ఆగింది. పడవ వదిలేస్తే పక్కవాళ్ళ మెడలు విరుగుతాయి.

"ఆపండి!"

అది పడవ ముందు నడుస్తున్న పిచ్చుక గొంతు. పడవ మోసేవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ నిలిచిపోయారు. రేవు మీద పొడుగు చేతులు కూడా, కొత్తమ్మాయి వీపుకు జానెడు దూరంలో, వాటంతటవే ఆగిపోయాయి. ఆపమన్నది ఎవరో ఆమె తర్వాతగానీ చూడలేదు. ఈలోపు కొత్తమ్మాయి మఫ్లరు లాగేసుకుని పరుగున వచ్చి పిచ్చుక పక్కన నిలబడింది.

పొడుగు ముఖం కందగడ్డైంది. "రేపు నేను రాను. ఎలా గెలుస్తారో నేనూ చూస్తా."

"నీ చోటులో ఆ కొత్తమ్మాయి కూర్చుంటుంది. ఓడితే ఓడతాం" అంది కెప్టెన్. పొడుగు లేకపోతే ఓటమి ఖాయమని ఆమెకూ తెలుసు. అయినా మనసులో ఏ బెంగా లేదు.

మర్నాడు పొద్దున్నే పొడుగు వచ్చి షెడ్డు గుమ్మంలో నిలబడింది.

"ఎక్కనా?"

"నన్నెందుకడుగుతావ్? ఇప్పుడది ఆ పిల్ల చోటు."

పొడుగు నేలచూపులు చూస్తూ కొత్తమ్మాయి దగ్గరికెళ్ళింది. "నిన్న భయపడ్డావా?"

"చాలా, అక్కా."

"నా తలంటప్పుడు నేనూ భయపడ్డాను. ఒక్కరూ ఆపమనలేదు." కొత్తమ్మాయి చెయ్యి పట్టుకుంది. "తప్పైంది, చెల్లీ."

కొత్తమ్మాయి తన చేతిలోని తెడ్డు అందించింది. "ఇవాళ నువ్వే కూర్చో అక్కా. కానీ ఇకమీదట చేరేవాళ్ళకి ఆపమనడం నువ్వే నేర్పాలి."

పొడుగు తలూపి, వెళ్ళి పడవ కింద భుజం పెట్టింది.

"లేపండి!" అంది పిచ్చుక, గట్టు మీదే, గొంతు చించుకుని.