మూడు తూముల రోడ్డు

యూనివర్సిటీ క్వార్టర్సుకి వేసే రోడ్డు కింద మూడు తూములు పెట్టాలని కార్పొరేషనుతో ఒప్పందం. తనిఖీకి వచ్చిన వర్క్ ఇన్‌స్పెక్టర్ బుల్లియ్యకి ఒక్కటే కనిపించింది. తన అక్క వీరవేణి ఉండే పేటలో నీళ్ళన్నీ ఆ తూముల్లోంచే పోవాలి.

"చుక్క నీరు లేదు, ఇన్ని తూములెందుకండీ? సంతకం పెట్టేయండి బుల్లియ్యగారూ," అని నవ్వాడు కాంట్రాక్టరు.

అవి కాలువలకి నీళ్ళు కట్టేసిన ఎండాకాలం రోజులు. రోడ్డు కిందుగా పోయే బోదె కాలువ బీటలు వారి ఉంది. బుల్లియ్య సంతకం పెట్టేశాడు.

జూన్‌లో కాలువలకి నీళ్ళు వదిలారు, వానలూ పట్టుకున్నాయి. పేటలో నీళ్ళు నిలిచాయని కబురందుకుని బుల్లియ్య వెళ్ళేసరికి వీరవేణి గుమ్మం ముందు నీరు ఎంత పెరుగుతుందో చూడ్డానికి నీటి అంచున పుల్ల గుచ్చుతోంది.

"రోడ్డు నువ్వే చూశావంట కదరా, నీరు లాగేస్తదిలే," అంది ధీమాగా.

వాన జోరందుకుంది. చూస్తుండగానే పుల్ల మునిగిపోయింది.