కట్టంగూర్ మలుపు కాడి మంచు

బషీరున్నీసా నల్లగొండలో ఒక కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెప్పేది. 1999 చలికాలంలో, సెలవు రోజుల్లో సరదాకి లారీ నడిపే కంప్యూటర్ ఆట ఒకటి తయారు చేయడం మొదలుపెట్టింది. నార్కట్‌పల్లి నుంచి కట్టంగూర్ దాకా రోడ్డు, అటూ ఇటూ పత్తి చేలు, ఊరి ముందర మలుపు. ఇక పొద్దుటి పొగమంచు మిగిలింది. ఎంత దూరంలో రోడ్డు కనపడకుండా పోవాలో ప్రోగ్రాంలో మీటర్ల లెక్కన ఒక అంకె రాస్తే చాలు. అంకె తగ్గిస్తే తెర మీద మంచు చిక్కబడేది, పెంచితే పలచబడేది.

ఆమె తండ్రి నూరుద్దీన్ పాతికేళ్లు లారీ నడిపాడు. పదేళ్ల కిందట ఆ మలుపులోనే, కూలికి పోతున్న యాదలక్ష్మి అనే పిల్ల ఆయన లారీ కింద పడి చనిపోయింది. మంచులో మూరెడు దూరం కూడా కనపడలేదని ఆయన పోలీసులకు చెప్పాడు. అందరూ నమ్మారు. ఆ తర్వాత ఆయన మళ్లీ స్టీరింగ్ పట్టలేదు. ఆ మలుపు ఆటలో పెట్టకుండా ఉండాల్సిందని బషీరున్నీసా తర్వాత ఎన్నోసార్లు అనుకుంది. కానీ ఆ రోజు, ఆ రోడ్డు మీది మంచు గురించి తండ్రికన్నా బాగా ఎవరు చెప్తారని ఆయన్నే పిలిచి కూర్చోబెట్టింది.

ముందు పది మీటర్లు పెట్టింది. తెరంతా తెల్లబడింది.

“గింత ఉండదు. జర తగ్గించు,” అన్నాడాయన.

నలభై పెట్టింది. ఇంకా అన్నాడు. ఎనభై. ఇంకా. నూట యాభై పెట్టేసరికి మలుపు అవతలి చెట్లు కూడా కనపడ్డాయి.

“గా పొద్దు గిట్లనే ఉండె,” అని ఆగిపోయాడు.

బషీరున్నీసా ఆ అంకెను మళ్లీ చూసుకుంది. అంత దూరంలో మనిషి కనపడతాడు. లారీ ఆపవచ్చు.

“అబ్బాజాన్, మరి కనపడలేదంటివి?”

“కునుకు పట్టింది బేటా. రెండు రోజులు నిద్ర లేకుండె. తప్పు మంచు మీద పెట్టిన.”

మర్నాడు ఇద్దరూ బస్సెక్కి కట్టంగూర్ పోయారు. యాదలక్ష్మి తల్లి సైదమ్మ వాకిట్లో కందులు చెరుగుతోంది. నూరుద్దీన్ నిలబడే అంతా చెప్పాడు. సైదమ్మ చేట పక్కన పెట్టింది.

“మంచు పడుతుంటె జర ఆగి పో బిడ్డా అనకపోతినని, నేనే సంపుకున్ననని పదేండ్లు ఏడ్చిన,” అంది. “గీ మాట అప్పుడే చెప్తే ఏం పోయె నీకు?”

సైదమ్మ వాళ్లను కూర్చోమనలేదు, పొమ్మనీ అనలేదు. లేచి ఇంట్లోకి పోయి తలుపు దగ్గరికి వేసుకుంది.

రోడ్డు మీదికి వచ్చి బస్సు కోసం నిలబడ్డాక నూరుద్దీన్ కూతురితో ఒక్క మాటే అన్నాడు.

“పోలీసోళ్లకు భయపడ్డ గని, తల్లి ఒకతి ఉంటదని యాదికే రాలె.”