ఇశ్రాయేలు మాస్టర్ పై సుర్

ఆగండి, ఒక్క నిమిషం ఆగి వినండి. మాదన్నపేట కూరగాయల మార్కెట్ వెనక గల్లీలోంచి, ఆటో హారన్లనీ టమాటల బేరాలనీ దాటుకుని పైకి తేలుతోందే, అది ట్రంపెట్. ఊదేది మా ఇశ్రాయేలు మాస్టర్. డెబ్బై దాటారు. వాయించేది జాజ్! అవును, పాతబస్తీ పెళ్లి బారాత్‌లో జాజ్!

వయసులో ఉన్నప్పుడు ఆయన వారమంతా ఫ్యాక్టరీలో పని చేసి, ఆదివారం చర్చిలో ట్రంపెట్ ఊదేవారు. సికింద్రాబాద్‌లో డాన్స్ బ్యాండ్ నడిపే ఫ్రాన్సిస్ అనే పెద్దాయన దగ్గరికి సైకిల్ తొక్కుకుంటూ వెళ్లి జాజ్ నేర్చుకున్నారు. జాజ్ అంటే అందరూ కలిసి పాట ఎత్తుకోవడం, మధ్యలో ఒక్కొక్కళ్లూ తమకు తోచినట్టు దాన్ని తిప్పడం, మళ్లీ అందరూ కలిసి పాట దగ్గరికి రావడం. మాస్టర్ దాన్నంతా తెచ్చి పెళ్లి పాటల్లో పెట్టారు. మొదట్లో జనం "ఏందయ్యా, పాట మర్శినవా?" అని తిట్టారట. తర్వాత్తర్వాత ఆయన బ్యాండ్ లేనిదే ఈ చుట్టుపక్కల పెళ్లికొడుకు గుర్రం ఎక్కలేదు.

ఆయన బ్యాండ్‌కి ఒక కట్టుబాటు ఉంది. "బజార్ల నడుసుకుంట వాయిస్తం. తప్పు వడ్డదని ఆగి మళ్ల షురూ జేస్తమా? ఒకరు తప్పు ఊదితే పక్కోళ్లు గదే ఊదాలె. అందరం ఊదినంక గది తప్పెట్లయితది?" అంటారు.

నేను శ్రీహితని. మాది సంతోష్‌నగర్. ఇంజనీరింగ్ చదువుతూ ఫోన్‌లో జాజ్ విని పిచ్చెక్కిపోయి, అది దొరికేది ఎక్కడో సముద్రాల అవతల అనుకుంటూ ఉంటే, ఒక సాయంత్రం మా గల్లీలోంచే వెళ్లింది! చెప్పులు కూడా వేసుకోకుండా వెంటపడ్డాను. ఇప్పుడు మాస్టర్ బ్యాండ్‌లో రెండో ట్రంపెట్ నాదే.

ఈ మధ్య మాస్టర్‌కి ముందు పళ్లు ఊడి, కట్టుడు పళ్లు పెట్టారు. ట్రంపెట్ ఆనేది పెదవి మీద, పెదవి ఆనేది పళ్ల మీద. కింది సుర్లు, అంటే దిగువ స్వరాలు, బాగానే పలుకుతున్నాయి గానీ పై సుర్ పట్టుకోబోతే జారిపోతోంది. సరిగ్గా అప్పుడే పాల వ్యాపారం చేసే బీరయ్య వచ్చాడు.

"ఇశ్రాయేలన్నా, మనవని పెండ్లి. నా పెండ్లికి నువ్వే ఊదినవ్, నా కొడుకు పెండ్లికి నువ్వే ఊదినవ్. ఎదురుకోలు కాడ మళ్ల నువ్వే ఊదాలె. శిష్యులు గిష్యులు నడువది."

"పండ్లు ఊడినయ్ బీరయ్యా."

"నాయి ఊడలేవా? మటన్ తింటలేనా?"

వంటింట్లోంచి మాస్టర్ భార్య కళావతమ్మ అందుకుంది. "నువ్వు మటన్ నములుతవ్, మా ఆయన ఇత్తడి నమలాలె!"

మాస్టర్ పగలబడి నవ్వి, "ఊదుత పో" అనేశారు. బీరయ్య వెళ్లాక మాత్రం ట్రంపెట్‌ని ఒళ్లో పెట్టుకుని నాతో మెల్లగా అన్నారు.

"బిడ్డా, పై సుర్ రాకపోతే గదే నా ఆఖరి బారాత్. నలుగుట్ల నవ్వులపాలైనంక మళ్ల ట్రంపెట్ ముట్ట."



పెళ్లి రోజు వచ్చింది. సాయంత్రం ఫంక్షన్ హాల్ గేటు దగ్గర ఎదురుకోలు. అమ్మాయివాళ్లు పానకం, గులాల్ పట్టుకుని అటు నిలబడ్డారు. గుర్రం మీద పెళ్లికొడుకుతో మేము ఇటు. మగపెళ్లివారి ట్రంపెట్ ఒంటరిగా పైకెక్కి ఒక సుర్ పట్టి నిలపాలి, అప్పుడే అమ్మాయివాళ్లు ఎదురొస్తారు. బీరయ్య పెళ్లి నుంచీ వాళ్లింట్లో అదే ఆనవాయితీ.

మాస్టర్ కళ్లు మూసుకుని ఎత్తుకున్నారు. ఎక్కింది, ఇంకా ఎక్కింది, విరిగింది! గాలిపటం తెగినట్టు గిర్రున కిందికి జారి బొంగురుగా ఆగిపోయింది. ఎవరో కిసుక్కుమన్నారు. ఫోన్లన్నీ ఆయన వైపే. ఆయన ట్రంపెట్‌ని పెదవి మీంచి దించబోతున్నారు.

నా ట్రంపెట్ అప్పటికే పెదవి మీద ఉంది. ఆ పై సుర్ నాకు వచ్చు. అది ఊదితే పెళ్లి నిలబడుతుంది, మాస్టర్ పడిపోతారు. ఆలోచించే టైమ్ ఎక్కడిది? ఊదేశాను. పై సుర్ కాదు, ఆయన ఊదిందే! అదే ఎక్కడం, అదే విరగడం, అదే జారుడు. నా వెనకే క్లారినెట్ జారింది. దాని వెనక బొంగురు గొంతు పెద్ద బాకా, యూఫోనియం, ఏనుగులా జారింది. సైడ్ డ్రమ్ కొండలన్న ఆ జారుడుకి దరువు కట్టాడు.

మాస్టర్ మా అందరి వైపూ చూశారు. ట్రంపెట్ మళ్లీ ఎత్తారు. ఈసారి కావాలనే జారారు, ఇంకా కిందికి, ఇంకా తియ్యగా, మధ్యలో ఒక మెలిక వేసి మరీ.  అమ్మాయివాళ్లు నవ్వుతూ ఎదురొచ్చేశారు. గులాల్‌తో గాలంతా ఎర్రబడింది. బీరయ్య రుమాలు తిప్పుతూ గంతులేశాడు.

"వారెవ్వా అన్నా! కొత్త బాణి పట్టినవ్! మస్తున్నది!"

తర్వాత బగారన్నం తింటూ మాస్టర్ నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"నీకు పై సుర్ వస్తది గదా బిడ్డా. ఎందుకు ఊదలే?"

"మీరు ఊదిందే ఊదాలె గదా మాస్టర్."

మాస్టర్ ప్లేటు పక్కన పెట్టారు. తర్వాత నా తల మీద చెయ్యి పెట్టారు. "శుక్రియా బిడ్డా. ఇగ ముంగట నువ్వు నిలబడు. ఎల్లుండి కార్వాన్ బస్తీల బారాత్ ఉన్నది. నేను పక్కకెల్లి కింది సుర్లు ఊదుత. పెదిమెల దమ్మున్నన్ని రోజులు ఊదుత, ఖుషీగ."

"ఆడివిల్ల ముంగట నడిస్తే గుర్రం సిగ్గువడ్తదేమో" అన్నాడు కొండలన్న.

"గుర్రానికి లేని ఫికర్ నీకెందుకన్నా?" అన్నాను.

నాకు శ్వాస ఎక్కడ తీసుకోవాలో నేర్పింది ఆయన. ఊరు కాని ఊరి సంగీతాన్ని నా గుమ్మం ముందుకి నడిపించుకొచ్చింది ఆయన. ఆ రుణానికి బదులుగా నేను ఆయన చోట నిలబడాలా? లేక "ఈ ఒక్కసారికి మీరే ఉండండి మాస్టర్, ఎంత జారినా వెనక మేమున్నాం" అని పట్టుబట్టాలా? ఎల్లుండి గుర్రం కదిలేలోపు చెప్పాలి. మీరైతే ఏం చేస్తారు?