రోశమ్మ బిగించిన కవచం

మార్కాపురంలో తాను పనిచేసే పలకల ఫ్యాక్టరీ మూతపడ్డాక రోశమ్మ ఫొటోలకు ఫ్రేములు కట్టే దుకాణం పెట్టుకుంది. అంతకుముందు పద్దెనిమిదేళ్లు ఆమె పని పలకలకు చెక్క చట్రాలు బిగించడం. పలక అంచు ఎక్కడ నొక్కితే పగులుతుందో, ఎక్కడ రుద్దితే లొంగుతుందో ఆమె వేళ్లకు తెలుసు. ఆ పనితనం గురించి వినే వెంకటసుబ్బయ్య గిద్దలూరు దగ్గరి పల్లె నుంచి పెద్ద అట్టపెట్టె ఒకటి మోసుకొచ్చాడు.

ఆయన రైతు. ముప్పై ఏళ్లుగా పౌరాణిక నాటకాల్లో రాజు వేషం కడుతున్నాడు. పాత కవచం ఇత్తడి రేకుది, తొమ్మిది కిలోలు. నిరుడు గుండె ఆపరేషన్ అయ్యాక బరువులు మోయొద్దని డాక్టరు చెప్పాడు. కోడలు ఫోనులో వెతికి ప్లాస్టిక్ కవచం తెప్పించింది. తీరా విప్పి చూస్తే అందులో ఉన్నవి పదహారు తెల్లటి ముక్కలు. వాటి అంచులు కూడా కత్తిరించలేదు. తోడుగా ఇంగ్లీషు పుస్తకం ఒకటి.

"దీన్ని మనిషి తొడుక్కునేటట్ల చెయ్యాల చెల్లెమ్మా. ఉగాదికి గిద్దలూరులో పద్యనాటకాల పోటీలుండాయి," అన్నాడాయన.

రోశమ్మ ముక్కలన్నీ నేలమీద మనిషి ఆకారంలో పరిచింది. పుస్తకంలో బొమ్మలు చూసి కావలసినవి తెచ్చుకుంది. రేకు కత్తెర, సన్న ఆకురాయి, ఉప్పుకాగితం, జిగురు, టిచ్ బటన్లు, వెడల్పాటి ఎలాస్టిక్. అతికినవి కదలకుండా పట్టడానికి ఇంట్లో బట్టల క్లిప్పులు ఉండనే ఉన్నాయి.

మొదటిరోజే ఒక తప్పు జరిగింది. చిటికెలో అంటుకునే జిగురు భుజం ముక్క మీద ఒక చుక్క వేసిందో లేదో, అక్కడ ప్లాస్టిక్ మసకబారి, వంచగానే పుటుక్కున చీలింది. ఆమె మనసు చివుక్కుమంది. ఆ తర్వాత ఏ పనైనా ముందు కత్తిరించి పడేసిన అంచుల మీద చేసి చూసుకున్నాకే అసలు ముక్కను ముట్టుకుంది. ఒక పూటంతా ఆరబెట్టాల్సిన జిగురే చివరికి పనికొచ్చింది. కొలతలకు వచ్చినప్పుడు ఆయన అడగకముందే చీలిక చూపించింది. రంగు వేస్తే కనపడదులెమ్మని ఆయన తేలిగ్గా తీసుకున్నాడు. ఊపిరి వదిలేసి కదలకుండా, ఫొటోకు నిలబడినట్టు నిలబడ్డాడు. ఆమె పెన్సిలుతో గుర్తులు పెట్టుకుంది.

వారం తర్వాత కవచం తయారైంది. ముందు ముక్క, వెనక ముక్క ఎడమ పక్కన అతికించేసి, కుడి పక్కన బటన్లు పెట్టింది. తొడుక్కుని దుకాణంలోని అద్దంలో చూసుకుంటే వెంకటసుబ్బయ్య ముఖం వెలిగింది. ఆ ఉత్సాహంలో పద్యం ఎత్తుకున్నాడు. రాగం సగంలో తెగింది. మళ్లీ ఎత్తుకున్నాడు, మళ్లీ అక్కడే. మూడోసారి ఆపేసి మెల్లగా స్టూలు మీద కూలబడ్డాడు.

"కవచం బాగుండాది చెల్లెమ్మా. గొంతే పోయినట్టుంది. ఆపరేషనప్పటి నుంచీ లోపల ఈ భయం ఉండనే ఉంది. మా ఇంట్లోవాళ్లకి మాత్రం చెప్పొద్దు," అన్నాడు.

రోశమ్మ బటన్లు విప్పి కవచం తీసింది. బనీను కింద పక్కటెముకల మీద రెండువైపులా ఎర్రగా అచ్చులు పడి ఉన్నాయి. టేపు తెచ్చి ఛాతీ చుట్టూ వదులుగా పట్టుకుని, అదే పద్యం మళ్లీ పాడమంది. ఆయన ఇష్టం లేకుండానే మొదలుపెట్టాడు. రాగం అందుకోగానే టేపు ఆమె వేళ్ల మధ్య నుంచి నాలుగు వేళ్ల మేర జారింది. గొంతు ఎక్కడా తెగలేదు. పక్క టీ బంకు దగ్గరున్నవాళ్లు ఇటు తిరిగి చూశారు.

"గొంతు యాడికీ పోలేదన్నా. నువ్వు ఊపిరి వదిలేసి బిగబట్టి నిలబడినప్పుడు కొలత తీసుకున్నా. తప్పు నాది."

 ఆయన కండువాతో ముఖం తుడుచుకుని, ఇంకో పద్యం పాడాడు, ఈసారి ఎవరూ అడగకుండానే.

అంత శ్రమపడి అతికించిన ఎడమ పక్క అతుకును రోశమ్మ ఆ మధ్యాహ్నమే రంపపు బ్లేడుతో కోసేసింది. రెండు పక్కలా ఎలాస్టిక్ వేసింది. ఊపిరి తీసినప్పుడు సందు కనపడకుండా, కత్తిరించగా మిగిలిన అంచుల్ని పట్టీలుగా కోసి, చేప పొలుసుల్లాగా ఒకదానిమీద ఒకటి వచ్చేట్టు, ఒక కొస మాత్రమే అతికించింది. చివరికి బంగారు రంగు కొట్టింది.

పోటీల రోజు పొద్దున్నే బస్సెక్కి గిద్దలూరు వెళ్లింది. కల్యాణమండపం నిండిపోయింది. జనం రాజు ముఖం చూస్తున్నారు. ఆమె చూపు మాత్రం ఆయన చంక కింద పట్టీల మీదే ఉంది. రాగం సాగినకొద్దీ అవి విచ్చుకున్నాయి, ఆగగానే చప్పుడు లేకుండా మూసుకున్నాయి. చప్పట్లు మోగాక గానీ తానూ ఊపిరి బిగబట్టి కూర్చున్నానని ఆమెకు తెలియలేదు.

వాళ్ల నాటకానికి రెండో బహుమతి వచ్చింది. తెర వెనక ఆమె బటన్లు విప్పేసరికి ఆయన బనీను పిండితే నీళ్లు కారేలా ఉంది. లోపల గాలి ఆడడం లేదని వెంకటసుబ్బయ్య నవ్వుతూ ఫిర్యాదు చేశాడు. తిరుగు బస్సులో కవచం రోశమ్మ ఒళ్లోనే ఉంది. జనానికి కనపడకుండా గాలికి చిల్లులు ఎక్కడ పెట్టవచ్చో వేలితో తడిమి చూసుకుంటూ కూర్చుంది.