మూడు ఎర్రకుట్లు

పొద్దున్నే ఇస్త్రీ చేసిచ్చాను, అప్పుడే ల్యాబుకోటు కాలరు నలిపేసుకుంది నా మనవరాలు, గాజుతలుపు అవతల కంప్యూటరు ముందు మెడ చాచుకుని కూర్చుంది, ఇవతల బెంచీమీద నేను, తెరమీద రెండు గీతలు పాకుతున్నాయి, ఒకటి పాలల్లో ఉండే మంచి క్రిమిది, ఒకటి జబ్బుచేసే దొంగక్రిమిది, దొంగది ఒక్కటే లేవాలి అమ్మమ్మా, రెండోదీ లేచిందా నా పని అయిపోయినట్టే అని లోపలికెళ్లేముందే చెప్పింది, పోయినసారి రెండూ లేచాయి, మంచిదాన్నే దొంగదనుకుని పాలకేంద్రం వాళ్లు నిక్షేపంలాంటి పాలు డ్రమ్ములకొద్దీ పారబోశారు, ఈ పిల్ల రెండురోజులు తిండి ముట్టలేదు, అసలు దొంగదాన్ని పట్టిచ్చే గుర్తు ఎలా ఏరావే అని అప్పుడే అడిగాను, దొంగక్రిమి డీఎన్ఏ అక్షరాలన్నీ కంప్యూటరుకిచ్చి, దాని చుట్టాలెవరిలోనూ లేని ముక్క పట్టాను, పుస్తకాలకెక్కిన చుట్టాలందర్నీ సరిచూశాను అంది.

అక్కడ నాకు నవ్వాగలేదు, కొత్తగా మా అత్తగారి లాండ్రీలో చేరినప్పుడు నేనూ అంతేగా, డాక్టరుగారి బట్టలకి ఎర్రదారంతో మూడు కుట్లు వేశాను, నేను బట్టలు తెచ్చే ఇళ్లలో ఎవరికీ ఆ గుర్తు లేదని చూసుకునే వేశాను, అదే తొట్టిలో నానుతున్న మా తోటికోడలి మూట మాత్రం చూడలేదు, దాంట్లో బేకరీ ఆయనకీ మూడే కుట్లు, డాక్టరుగారి ప్యాంటు తొడుక్కుని ఆయన రొట్టెలు కాల్చాడు, మా అత్తగారు అందరిముందూ కడిగేసింది, నీ మూట చూసుకుంటే సరా, గుర్తు పెట్టేముందు తొట్టంతా తిరగెయ్యవే మొద్దూ అని, సబ్బునురగలో మొహం దాచుకుని ఏడ్చాను, ఆ మాటే చెప్పి, మరి ఆ పాలకేంద్రంలోనే కాపురమున్న చుట్టాన్ని, ఆ మంచి క్రిమిని, చూశావా అన్నాను, పిల్ల నోరు తెరిచింది, అది ఏ పుస్తకంలోనూ లేదే అమ్మమ్మా అంది, లేచి పరుగు, ఆ పాలలోంచే క్రిమిని తెచ్చి దాని అక్షరాలు చదివించి, లక్షల ముక్కలు మళ్లీ జల్లెడ పట్టించింది, దొంగదాంట్లో తప్ప ఎందులోనూ లేని ఇరవైనాలుగు అక్షరాల ముక్క ఒక్కటి మిగిలింది.

అదిగో దొంగది తలెత్తింది, ఎక్కుతోంది, మంచిది కదల్లేదు, ఇంకా కదల్లేదు, పిల్ల వెనకాల చేతులు కట్టుకుని నిలబడ్డ వాళ్ల ల్యాబు పెద్దమేడమ్ చేతులు విప్పింది, తలుపు తోసుకొచ్చి నన్ను కావలించుకుంది నా చిట్టితల్లి, పడుకునే ఉంది అమ్మమ్మా, మంచిది పడుకునే ఉంది, పాలు బతికిపోయాయి అంటోంది, ఆ కాలరు నా చెంపకి రాసుకుంటోంది, సబ్బు వాసన, ఆ తొట్టి, ఆ నురగ, మా అత్తగారి గొంతు, తిట్టిందనే అనుకున్నాను ఇన్నేళ్లూ, కాదు, చదువు చెప్పింది.