తారుతో గీసిన నీడ

నాకు అక్షరాలు యాభై రెండో ఏట వచ్చాయి. ఒత్తులు తప్పితే మన్నించండి. కూడబలుక్కుని రాస్తాను కాబట్టి కథ నడక కూడా నెమ్మదే.

సౌదీలో, కువైట్ సరిహద్దుకు ఆనుకుని ఉన్న ఖఫ్జీలో, రామప్రసాద్ అనే ఇంజనీరు ఇంట్లో దేవవ్వ వంట చేసేది. ఆమె భర్త ఎల్లన్న ఆ వీధి ఇళ్ల డాబాలు కారకుండా తారు పూసేవాడు. ఇంజనీరుకు ఒక వింత అలవాటు ఉండేది. ఏడాదిలో అన్నిటికన్నా పొట్టి పగలు వస్తే పండగ చేసేవాడు. అతని భార్య చాముండేశ్వరమ్మ నువ్వుల ఉండలు కట్టేది. నడిమధ్యాహ్నం, మసీదులో నమాజుకు బాంగు ఇచ్చే ముందు, పిల్లలు శ్రీలేఖ, హేమసుందర్ వాకిట్లో నిలబడితే వాళ్ల నీడల చుట్టూ సుద్దతో గీసేవారు. అంత పొడుగు మధ్యాహ్నపు నీడ ఏడాదంతా మళ్లీ పడదట. రేపటి నుంచి సూర్యుడు మనవైపు తిరుగుతాడని చెప్పి పిల్లల చేత చప్పట్లు కొట్టించేవాడు.

కువైట్ ఇరాక్ చేతిలోకి పోయిన ఏడు, డిసెంబరులో సుద్ద దొరకలేదు. ఎల్లన్న తన తారు డబ్బా, కుంచె తెచ్చి పిల్లల నీడలు గీశాడు. ఆ తర్వాత శ్రీలేఖ కుంచె లాక్కుంది.

“ఎల్లన్నా, ఇప్పుడు నువ్వు నుంచో. కదిలావంటే ఉండ పెట్టను!”

“నేను కదుల్తలేను బిడ్డా, నీడనే జరుగుతుంది. బతికున్నోని నీడ ఒక్కకాడ ఉంటదా? జల్ది గీయి.”

మూరెడు ఎక్కువ పొడుగున్న ఎల్లన్న నేల మీద తయారయ్యాడు. తల కువైట్ వైపుంది. దేవవ్వకు అది నచ్చలేదు.

“ఉత్తరానికి తలపెట్టి పండుకున్నట్టుంది. తుడిచెయ్యి.”

“తారు తుడిస్తే పోతదానే, పిచ్చిదానా!”

నెల తిరిగేసరికి ఊరి మీద గుండ్లు పడ్డాయి. ఇంజనీరు కుటుంబం, దేవవ్వ రియాద్ బస్సెక్కారు. “డాబా మీది నీళ్ల టాంకీ మూసి ఎనక బస్సుకు వస్త, నువ్వు పో,” అన్నాడు ఎల్లన్న. వెనక బస్సు వచ్చింది. ఎల్లన్న రాలేదు.

దేవవ్వ ప్రతి శుక్రవారం, రియాద్‌లో మనవాళ్లంతా చేరే బతా బజారులో నిలబడి, ఖఫ్జీ నుంచి వచ్చిన ప్రతి మనిషినీ అడిగింది. చూశామన్నవారు లేరు. పాతిపెట్టామన్నవారూ లేరు. చేతికి గాజులు ఉంచుకోవాలో తీసేయాలో చెప్పగలిగినవారు అంతకన్నా లేరు.

యుద్ధం అయ్యాక అందరూ ఖఫ్జీ తిరిగొచ్చారు. దేవవ్వకు వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, కఫీల్, ఎగ్జిట్ కాగితం పంపాడు. వేలిముద్ర వేస్తే ఇంటికి పోవచ్చు. పోయాక ఎల్లన్న వచ్చి తలుపు తడితే? కాగితం బియ్యం డబ్బా కింద పెట్టి ఆమె రోజులు నెట్టింది. చివరికి కఫీల్ గడువు పెట్టాడు. అతని మనిషి జవాబు కోసం వస్తానన్న రోజే పొట్టి పగలు వచ్చింది.

వాకిలంతా కువైట్‌లో తగలబడిన నూనె బావుల మసి. ఆ పొద్దున దేవవ్వ సబ్బునీళ్లతో మూడుసార్లు కడిగింది. ఎల్లన్న గీత లోపల సిమెంటు తెల్లగా తేలేదాకా రుద్దింది.

మధ్యాహ్నం పిల్లలు తమ పాత పాదాల గుర్తుల్లో నిలబడ్డారు. నీడలు తారు గీతలు దాటాయి.

“నేను నాలుగు వేళ్లు పెరిగా!” అన్నాడు హేమసుందర్.

“దొంగ! మునివేళ్ల మీద నుంచున్నావు,” అంది శ్రీలేఖ.

వాడు వినిపించుకోలేదు. ఒక ఉండ తీసుకెళ్లి ఎల్లన్న తల దగ్గర పెట్టాడు. “ఎల్లన్న కూడా వచ్చాడుగా,” అన్నాడు మామూలుగా.

దేవవ్వ చూసింది. గీత లోపల నిండుగా నీడ ఉంది. వెంట్రుక వాసి బయటికి లేదు. పైకి చూసింది. తీగ లేదు, ఆరేసిన బట్ట లేదు, పిట్ట లేదు.

బాంగు వినిపించింది. పిల్లల నీడలు మెల్లగా తూర్పుకు జారి గీతలు దాటాయి. ఎల్లన్నది జారలేదు.

“దేవవ్వా, అతని నీడ జరగట్లేదేం?” అంది శ్రీలేఖ.

పిల్లలను పిలవడానికి వచ్చిన చాముండేశ్వరమ్మ కూడా చూసింది. ఇద్దరినీ రెక్క పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది.

దేవవ్వ వంగి చెయ్యి ఆనించింది. చుట్టూ సిమెంటు ఎండకు వెచ్చగా ఉంది. గీత లోపల మాత్రం కుండ అడుగులా చల్లగా ఉంది.

“ఒక్కకాడనే ఉన్నవా?” అంది.

గోడ నీడ వాకిలంతా పరుచుకునేదాకా ఆమె అక్కడే కూర్చుంది. తర్వాత గాజులు ఒక్కొక్కటే తీసి, పగలగొట్టకుండా, ఎల్లన్న మణికట్టు ఉన్నచోట పెట్టింది. సాయంత్రం కఫీల్ మనిషి వస్తే వేలిముద్ర వేసింది.

ఏడాదిలో అన్నిటికన్నా పొడుగు రాత్రి అది. తెల్లారి చూస్తే గీత లోపల సిమెంటు తెల్లగానే ఉంది. నువ్వుల ఉండకు చీమలు పట్టాయి. గాజులు లేవు.

దేవవ్వ, అరవై ఏడేళ్లు, మెట్‌పల్లి